తాడు కట్టిన కత్తెర

ఆయన చనిపోయిన రోజు మిషను మీద ఒక చొక్కా ఉండిపోయింది. ఎడమచెయ్యి కుట్టడం అయింది. కుడిచెయ్యి భుజం దగ్గర గుండుసూదులతో నిలిపి ఉంది. మధ్యాహ్నం నమాజుకు లేవబోతూ బల్ల మీద చెయ్యి ఆనించిన మనిషి ఇక లేవలేదు. తర్వాత ఆయన వస్తువులన్నీ ఒక్కొక్కటీ ఇల్లు దాటిపోయాయి. బట్టలు, చెప్పులు, గొడుగు, కళ్ళజోడు పెట్టె. ఆ చొక్కా జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అది ఎవరిదో నాకు తెలుసు. "పొడుగోడిది" అని ఆయనే చెప్పారు. ఆ చేతుల పొడవు చూసి "ఇది చొక్కానా, జెండానా?" అని నేను నవ్వాను కూడా.

పొడుగోడు అప్పటికి జైల్లో ఉన్నాడు.

మా ఆయన దర్జీ. వారానికొకసారి జైలుకు వెళ్ళి లోపలివాళ్ళకు కుట్టుపని నేర్పేవారు. ఎవరికైనా విడుదల దగ్గరపడిందంటే వాళ్ళకొక జత బట్టలు కుట్టేవారు. టేపు లోపలికి తీసుకెళ్ళనివ్వరు కాబట్టి కంటి కొలతే. లోపలికి వెళ్ళిన రోజున ఒంటి మీద ఉన్న బట్టలే విడుదల రోజున తిరిగి చేతికిస్తారట. ఏళ్ళు గడిచాక అవి ఎవరికీ సరిపోవు. ఆయన కొత్త జత పట్టుకుని పొద్దున్నే గేటు దగ్గర నిలబడేవారు. వచ్చినవాణ్ణి మసీదు మేడ మీది గదికి తీసుకొచ్చి, ఏదో ఒక పని కుదిరేదాకా అక్కడ ఉంచేవారు. ఆ గది తాళంచెవి మా వంటింటి గుమ్మం పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది.

ఆయన పోయిన రెండు నెలలకు, ఒక సాయంత్రం దానికోసమే బావగారు వచ్చారు. బావగారు మా ఆయనకు అన్న, మసీదు కమిటీకి పెద్ద. రంగుల కొట్టు నడుపుతారు. ఇక మీదట ఆ గదిలో పాత తివాచీలు పెట్టుకోవాలని కమిటీ అనుకుందట. తాళంచెవి ఇస్తానని నేను అనలేదు, ఇవ్వననీ అనలేదు. అంతలో ఎవరో వీధి తలుపు తట్టారు. మాట అక్కడ ఆగింది.

నేను ఇద్దత్‌లో ఉన్నాను. భర్త చనిపోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇంటిపట్టునే ఉండాలి, పరాయి మగవాళ్ళ ఎదుట పడకూడదు. అందులో సగం గడిచింది. బడికి సెలవు పెట్టాను. మా ముందుగదే ఆయన కొట్టు. దానికీ లోపలి ఇంటికీ మధ్య ఒక తెర ఉంది. ఆయన పోయినప్పటినుంచీ నేను ఆ తెర దాటలేదు. నిజానికి బావగారు కూడా దానికి అవతలే కూర్చోవాలి. ఆయన ఎప్పుడూ ఇవతలే కూర్చునేవారు. నేను తలమీద కొంగు సర్దుకుని, చెప్పింది వినేదాన్ని.

అత్తయ్య వెళ్ళి తలుపు తీసింది. ఆవిడకు వినికిడి తక్కువ. ఎవరొచ్చినా ముందు కేకలేసి, ఆ తర్వాత ఎవరని అడుగుతుంది.

"ఏం బాదుడయ్యా అది! తలుపు ఊడొస్తే నువ్వు బాగుచేయిస్తావా? ఎవరు?"

"మాస్టరు ఉన్నారా అమ్మా?"

"ఇంట్లో టీచరుంది. నీకేం పని?"

"టైలరు మాస్టరండి. నాకు ఇవాళ విడుదల. గేటు దగ్గరికి వస్తానన్నారు. పొద్దుట్నించీ నిలబడ్డాను. ఆయన ఎప్పుడూ ఆలస్యం చెయ్యరని లోపల మావాళ్ళన్నారు. ఒంట్లో బాగోలేదేమోనని నేనే అడుగుతూ వచ్చాను."

తెర అంచు కొంచెం జరిపి చూశాను. గుమ్మం అతనికి సరిపోలేదు, మెడ వంచి నిలబడ్డాడు. చొక్కా చేతులు మోచేతులకు కాస్త కిందే ఆగిపోయాయి. ప్యాంటు చీలమండల పైకి ఉంది. మీసం సరిగ్గా రాని వయసులో లోపలికి వెళ్ళి, లోపలే పెరిగిన మనిషి అని చూడగానే తెలుస్తోంది. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. అది బరువుగా లేదు.

"వచ్చాడు," అన్నారు బావగారు నా వెనక. కోపం లేదు ఆ గొంతులో. కొట్టు కట్టేసే వేళకు వచ్చిన బేరాన్ని చూసినట్టు అన్నారు.

అత్తయ్య నావైపు తిరిగింది. ఆ మాట ఆవిడ చెప్పదని నాకు అర్థమైంది. బావగారు నేలవైపు చూస్తున్నారు.

"బాబూ," అన్నాను తెర వెనకనుంచి. "మాస్టరు చనిపోయారు. రెండు నెలలు దాటింది."

ఆ మాట నా నోటితో పైకి అనడం అదే మొదటిసారి. అందరికీ ఇంకెవరో చెప్పారు. నేను చెప్పవలసిన అవసరం రాలేదు.

"ఇన్నా లిల్లాహి..." అని, చావు కబురు వినగానే చదివే మాట అతను పెదవులతోనే చదువుకున్నాడు. తర్వాత ఎవరితోనూ కాదన్నట్టు, "మాకు తెలీదమ్మా," అన్నాడు. "రెండు నెలలుగా రావట్లేదంటే జ్వరమో ఏదో అనుకున్నాం. రోజూ నమాజు అయ్యాక ఆయనకోసం దువా చేస్తున్నాం. ఒంట్లో కుదుటపడాలని. ఇవాళ పొద్దున కూడా చేసే వచ్చాను."

మసీదు మైకులో చెప్పారు. బడిలో చెప్పారు. దూరపు చుట్టాలకు ఫోన్లు చేశారు. ఆ గోడ అవతల కూడా ఆయనకు మనుషులున్నారని ఎవరికీ తట్టలేదు.

"కూర్చోవయ్యా," అంది అత్తయ్య. "అంత ఎత్తునుంచి మాట్లాడితే నాకేం వినపడుద్ది?"

అతను మిషను పక్కనున్న ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. అది బటన్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కూర్చునే పీట. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. అత్తయ్య మంచినీళ్ళ గ్లాసు ఇచ్చింది. ఒక్క గుక్కలో తాగి, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు.

బావగారు తెర తీసుకుని ముందుగదిలోకి వెళ్ళారు.

"ఏం కేసు నీది?"

"గోడౌన్‌లో దొంగతనమండి. నేను బండి నడిపాను. లోపలికి వెళ్ళినవాళ్ళు కాపలామనిషిని కొట్టారు. ఆయన ఇంకా మంచంలోనే ఉన్నాడని విన్నాను."

దాచకుండా, సాగదీయకుండా చెప్పాడు. ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన జవాబులా ఉంది.

"మీవాళ్ళు?"

"రావద్దన్నారండి."

"మరి ఏం చేద్దామని?"

"రేపు మధ్యాహ్నంలోపు స్టేషన్‌కి వెళ్ళాలండి. ఊళ్ళో ఇల్లున్న మనిషి ఒకరు నాతో వచ్చి, వీడు నా దగ్గర ఉంటాడు, నాది పూచీ అని చెప్పాలి. గడువుకంటే ముందు వదిలారు కదా, అందుకు. మాస్టరు వస్తానన్నారు." గ్లాసు కేసి చూసుకున్నాడు. "ఎవరూ రాకపోతే మళ్ళీ లోపలికే."

బావగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. రోజంతా కొట్టులో నిలబడే మనిషి, కూర్చోగానే మోకాళ్ళు రుద్దుకున్నారు.

"చూడు బాబూ. నీమీద నాకేం పగ లేదు. ఇవాళ భోజనం పెడతాం. రెండు జతల బట్టలిప్పిస్తాం. పూచీ మాత్రం అడక్కు. నీకు ముందు వచ్చినవాణ్ణి ఇలాగే పైన పెట్టుకున్నాం. బంగారంలాంటి కుర్రాడని మా తమ్ముడు ఊరంతా చెప్పాడు. వాడు మైకు బ్యాటరీ పట్టుకుని పోయాడు. వారం రోజులు అజాను ఉత్త గొంతుతో ఇచ్చుకున్నాం."

"నాకేం తేడా తెలీలేదు," అంది అత్తయ్య.

"నీకు ఉరిమినా తెలీదులే అమ్మా."

పొడుగోడు నవ్వలేదు. అతని చూపు బల్లమీద ఒకచోట ఆగిపోయి ఉంది. కాసేపటికి చెయ్యి చాపి కత్తెరను తాకాడు. దాని పిడికి కట్టిన తాడును వేళ్ళతో పట్టుకుని, అది బల్లకాలికి ముడిపడినచోటు దాకా తడుముకుంటూ వెళ్ళాడు. అప్పుడు నవ్వాడు. ఇంట్లోకి వచ్చాక మొదటిసారి.

"ఇక్కడ కూడా కట్టేశారా మాస్టరు!"

ఆ తాడు నాకు పెళ్ళయిన కొత్తనుంచీ తెలుసు. ఎన్నిసార్లో పాతది తెగితే కొత్తది నేనే తెచ్చి ఇచ్చాను. కత్తెరకు తాడెందుకండీ అంటే పిల్లలు పట్టుకుపోతారు అనేవారు. మాకు పిల్లలు లేరు. వీధిలో పిల్లలనుకున్నాను.

"ఎందుకు నవ్వుతున్నావు?" అని అడిగాను.

"లోపల ఇలాగే ఉంటదమ్మా. కుట్టుషెడ్డులో ప్రతి కత్తెరా బల్లకి గొలుసుతో కట్టి ఉంటుంది. ఎవడూ జేబులో వేసుకుని గదిలోకి తీసుకెళ్ళకుండా. సాయంత్రం సూదులు కూడా లెక్కే. ఒక్కటి తగ్గినా అందరూ అక్కడే కూర్చోవాలి, అది దొరికేదాకా కూడు లేదు." తలెత్తి తెరవైపు చూశాడు. "మాస్టరు ఇంట్లో కూడా సూదులు లెక్కపెట్టేవారా?"

"పెట్టేవారు," అన్నాను.

ప్రతి సాయంత్రం. ఒకటి తగ్గితే నేల మీద దీపం పెట్టుకుని వెతికేవారు. అన్నం చల్లారిపోతోందని నేను పిలిచినా లేచేవారు కాదు. ఎవరి కాలిలోనన్నా గుచ్చుకుంటుందని ఆయన భయం అనుకున్నాను. దొరికాక ఆ ముఖంలో కనిపించే నిశ్చింత ఒక సూదికి ఎక్కువనిపించేది. అంతకుమించి ఆలోచించలేదు.

"అలవాటు పోదమ్మా," అన్నాడు పొడుగోడు. దొరికిన తీగ పట్టుకుని మాట్లాడేస్తున్నాడు. "మాస్టరే అనేవారు. నేను బయటికొచ్చి ఇన్నేళ్ళయింది, చెయ్యి ఇంకా గొలుసు ఎంతుందో అంత దూరమే వెళ్తుందిరా అని."

"ఎవరు బయటికొచ్చి?"

నా గొంతు మామూలుగానే ఉందనుకుంటాను.

"ఇంక చాలు ఊరుకో," అన్నారు బావగారు అతనితో.

పొడుగోడు బావగారి ముఖం చూశాడు, అత్తయ్య ముఖం చూశాడు. పీట మీదనుంచి సగం లేచాడు.

"మీకు తెలుసనుకున్నానమ్మా."

"పర్వాలేదు. చెప్పు."

"మాకు మొదటిరోజే చెప్పారు. కిటికీ పక్క మూడో మిషను చూపించి, ఇది నాది, దీని పెడలు కాస్త మొండిది, కానీ మోసం చెయ్యదు అన్నారు. ఆ మిషను మీదే నేను నేర్చుకున్నా."

మా పెళ్ళిచూపుల నాడు, పని ఎక్కడ నేర్చుకున్నావు బాబూ అని మా నాన్న అడిగితే ఆయన ఏమీ మాట్లాడలేదు. బావగారు అందుకుని, పై ఊళ్ళో ఒక పెద్ద దుకాణంలో అన్నారు. ఆ పై ఊరు ఏ ఊరో ఇరవై ఏళ్ళకు పైగా నేను అడగలేదు. అడిగితే చెప్పేవారేమో. బహుశా అడగనందుకే నాతో సుఖంగా ఉన్నారేమో. ఈ రెంటిలో ఏది నిజమో ఇప్పుడు తేల్చేవారు లేరు. కుట్టుషెడ్డులో కొత్తగా వచ్చిన దొంగలకు మొదటిరోజే చెప్పిన మాట, పక్కనే పడుకున్న నాకు చెప్పలేదు.

"బావగారూ, ఒకసారి లోపలికి రండి," అన్నాను.

వచ్చారు. ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నారు. గోళ్ళ సందుల్లో నీలం రంగు ఇరుక్కుని ఉంది. దాన్ని గీరుకుంటూ, "నేనే చెప్పనివ్వలేదు," అన్నారు. "వాడు చెప్పేస్తానన్నాడు. పెళ్ళికి ముందూ అన్నాడు, తర్వాతా అన్నాడు. నామీద ఒట్టు వేయించుకున్నా. వాణ్ణి అనకు."

"ఎందుకు?"

"ఎందుకేంటమ్మా? చెప్తే మీ నాన్నగారు పిల్లనిచ్చేవారా? ఎవరైనా కొట్టు అద్దెకిచ్చేవారా? తోటివాడి తప్పు కప్పిపెట్టమని ఇమామ్ గారు చెప్తూనే ఉంటారు కదా. నేను కప్పిపెట్టా. ఇన్నేళ్ళు కప్పిపెట్టా. నీకది ఏమీ చెయ్యనట్టు కనిపిస్తుందేమో. నాకు చాతనైన సాయం అదే."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆ సాయం వల్లే నాకు ఇల్లు, సంసారం దొరికాయి.

"ఆయన విడుదలైన రోజు గేటు దగ్గరికి ఎవరు వెళ్ళారు?"

బావగారు గోరు గీరుకోవడం ఆపారు.

"ఎవరూ వెళ్ళలేదు."

అన్నది అత్తయ్య. తెర పక్కన నిలబడి ఉంది. వినకూడనివన్నీ ఆవిడకు బాగానే వినిపిస్తాయి.

"నేను పోతానంటే వీడు తలుపుకి గొళ్ళెం పెట్టాడు. చీకటి పడ్డాక ఇంటికి రమ్మని వాడికి కబురు పెట్టాడు. పొద్దుటే వదిలారంట. పొద్దుగూకేదాకా ఎక్కడున్నావురా నాయనా అంటే, బస్టాండులో కూర్చున్నానమ్మా అన్నాడు. చొక్కా బిగుసుకుపోయి గుండీలు పట్టట్లేదు, నలుగురూ చూస్తున్నారని సంచి గుండెలకి పెట్టుకుని కూర్చున్నాడంట."

"అప్పుడు చెల్లి పెళ్ళి మాటలు నడుస్తున్నాయమ్మా!" బావగారి గొంతు కొంచెం లేచి, తానే తగ్గిపోయింది. "నన్నేం చెయ్యమంటావు? ఇద్దరూ నీ బిడ్డలే."

"నువ్వూ నా బిడ్డవే," అంది అత్తయ్య. "అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నా."

ముందుగదిలో పీట కిర్రుమంది. అతనికి మా మాటలు వినిపిస్తూనే ఉండాలి. గుడ్డ తెర చూపును ఆపుతుంది గాని మాటను ఆపదు.

"అలసిపోయానమ్మా," అన్నారు బావగారు నాతో. "వాడు ఆ గది తెరిచిన రోజునుంచీ నాకు నిద్ర లేదు. మీ తమ్ముడికి జైలువాళ్ళంటే ఏంటంత ప్రేమ అని కమిటీలో ఒకడు నవ్వుతూ అడిగితే, నాకు చెమటలు పట్టేవి. వాడు నాకోసం నోరు కట్టుకున్నాడు గాని చెయ్యి కట్టుకోలేదు. నీకు తెలీదు మనవాళ్ళ సంగతి. చందా అడుగు, ఇస్తారు. దుప్పట్లడుగు, మోసుకొచ్చి మరీ ఇస్తారు. ఆ మనిషి పక్కన నమాజుకు నిలబడమను, మెల్లగా ఇంకో వరసలోకి జరుగుతారు. మా తమ్ముడు ఒక్కడే వాళ్ళ భుజానికి భుజం ఆనించి నిలబడేవాడు. ఇప్పుడు వాడు లేడు. ఆ చోట్లో ఎవరు నిలబడతారు? నావల్ల కాదు."

నేను లేచి మేకుకున్న తాళంచెవి తీశాను. బావగారు చెయ్యి చాపబోయి ఆగారు. అత్తయ్య చేతిలో పెట్టి, "అతనికివ్వండి," అన్నాను. "మసీదు వెనక మెట్లు. పైన ట్యాంకు పక్కన గది. దిండు కప్‌బోర్డులో ఉందని చెప్పండి."

"కమిటీకి నేనేం చెప్పను?" అన్నారు బావగారు.

"తివాచీలకు ఇంకో చోటు చూడమనండి. అవి ఎక్కడున్నా ఎవరూ పూచీ అడగరు."

"గది సంగతి సరే. రేపు స్టేషన్‌కి ఎవరెళ్తారు?"

"నేను."

ఆయన నన్ను సూటిగా చూడడం ఆ రెండు నెలల్లో అదే మొదటిసారి.

"ఇద్దత్‌లో ఉన్నావు నువ్వు. గడప ఎలా దాటతావు?"

"మొన్న అత్తయ్యకు కళ్ళు చూపించడానికి పెరటి దారిన ఆసుపత్రికి నేను తీసుకెళ్ళలేదా? అవసరమైతే పగటిపూట వెళ్ళి, పొద్దు గూకేలోపు ఇల్లు చేరమని ఇమామ్ గారే చెప్పారు."

"అది ఆసుపత్రి. ఇది పోలీస్ స్టేషన్. అంతా పరాయి మగవాళ్ళు. వాళ్ళ ఎదుట నిలబడి, ఎవడో దొంగకి నాది పూచీ అంటావా?"

"పరాయివాళ్ళ ఎదుట పడకూడదు, నిజమే," అన్నాను. "మీరు తెరకు ఏవైపు కూర్చున్నారు బావగారూ?"

ఆయన తెరను చూశారు. తన కుర్చీని చూసుకున్నారు. అత్తయ్య ముక్కుతో ఒక చప్పుడు చేసింది. నవ్వో కాదో చెప్పలేను. అలా అన్నందుకు ఇంకో రోజైతే సిగ్గుపడేదాన్ని. ఆ సాయంత్రం దానికి కూడా ఓపిక లేకపోయింది.

బావగారు లేచి నిలబడ్డారు. తెర దాటి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. తెర గుడ్డ చేత్తో పట్టుకుని, నావైపు తిరక్కుండా అన్నారు.

"సరే. వెళ్దువుగాని. కానీ పూచీ పడేముందు ఒక సంగతి తెలుసుకుని వెళ్ళు. నీ మొగుడు దేనికి లోపలికి వెళ్ళాడో అడగలేదు నువ్వు."

అడగలేదు. నిజమే. చెప్పలేదన్న బాధ దగ్గరే ఆగిపోయాను. ఏం చేశారన్న ప్రశ్న దాకా ఇంకా వెళ్ళలేదు.

"చెప్పండి," అన్నాను.

"తెలిశాక కూడా ఆ కుర్రాడికోసం వెళ్తానంటే నేనే దగ్గరుండి తీసుకెళ్తా. ఆ మాట ఇస్తున్నా."

"చెప్పండి బావగారూ."

అంతలో మైకులో గరగరమంది. కొత్త బ్యాటరీ ఇంకా సర్దుకోలేదు. సాయంత్రం నమాజుకు అజాను మొదలైంది. బావగారు అది పూర్తయ్యేదాకా తల వంచుకుని నిలబడ్డారు.

"నమాజు చేసుకుని వస్తా," అన్నారు. "చేసుకోకుండా చెప్పగలిగే మాట కాదు."

ముందుగదిలో పొడుగోడు అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. అత్తయ్య అతని చేతిలో తాళంచెవి పెట్టి, మిషను మీది చొక్కా చూపించింది. "ఇది నీకేనంట. ఒక చెయ్యే ఉంది, చూసుకో."

అతను చొక్కాను ఎత్తలేదు. కాలరు పట్టుకుని నిమిరాడంతే. కుట్టిన ఎడమచేతిని తన చేతి పక్కన పెట్టి చూశాడు. మణికట్టు దాకా సరిగ్గా వచ్చింది.

"కుడిది నేను కుట్టుకుంటాలెండి అమ్మా. పది నిమిషాల పని."

"వద్దు," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. గేటు దగ్గర ఒకరు పట్టుకుని నిలబడవలసిన బట్టలు, వచ్చినవాడే కుట్టుకోవడం నాకు నచ్చలేదనుకుంటాను. "ఇప్పుడు కాదు. ముందు నమాజుకు వెళ్ళిరా."

"నేనూ రావచ్చా అండీ?" అని అతను బావగారిని అడిగాడు.

బావగారు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటున్నారు. ఒక చెప్పు తొడుక్కుని, రెండోది తొడుక్కోకుండా కాసేపు ఉండిపోయారు.

"రా," అన్నారు.

లోపలి గది కిటికీలోంచి చూశాను. ఇద్దరూ మసీదువైపు నడిచారు. ఇద్దరి మధ్య ఇంకొక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. మలుపు దాకా అది తగ్గలేదు, పెరగలేదు కూడా. మలుపు దగ్గర ఎవరో ఎదురుపడి బావగారికి సలాం చెప్పి, పక్కనున్న మనిషిని పైనుంచి కిందకు చూశారు. బావగారు ఏం చెప్పారో నాకు వినపడలేదు.

నేనూ నమాజు చేసుకున్నాను. తర్వాత తెర తీసి ముందుగదిలోకి వచ్చాను. ఆయన పోయాక అదే మొదటిసారి. ఆయన కుర్చీలో కూర్చుంటే పాదాలు పెడలుకు అందలేదు. నాకు కుట్టు రాదు. ఎప్పుడైనా నేర్చుకుంటానంటే, ఇంట్లో ఒక మాస్టరు చాలు అనేవారు. కత్తెర అందుకున్నాను. నా చెయ్యి వెళ్ళినంత దూరం తాడు రాలేదు. దాన్ని విప్పలేదు. మళ్ళీ బల్ల మీదే పెట్టాను.

"అత్తయ్యా," అన్నాను. "మీకు తెలుసు కదా. ఆయన ఏం చేశారు?"

అత్తయ్య తలుపు దగ్గర నిలబడి వీధి చూస్తోంది. నా మాట ఆవిడకు వినపడలేదు. రెండోసారి ఇంకా గట్టిగా అడిగాను. అప్పుడూ వినపడలేదు.

మసీదునుంచి ఒక్కొక్కరే మలుపు తిరిగి వస్తున్నారు. బావగారు ఇంకా రాలేదు. రేపు నాతో స్టేషన్‌కి వస్తారో రారో తెలియదు. చొక్కాకు కుడిచెయ్యి కుట్టవలసి ఉంది.